వస్త్రంపై అక్షరం – మన బాధ్యత

ప్రతి సంవత్సరం ఫిబ్రవరి మాసం రాగానే మన కళాశాల ఆవరణకు క్రొత్త కళ వస్తుంది. ఒక వంక ముషాయిరాకు, మరొక వంక కవిసమ్మేళనానికి సన్నాహాలు జరుగుతుంటాయి. నాటకాలు, వ్యాసరచన పోటీలు, క్రీడలు సరేసరి. వీటితోపాటు గత కొన్నేళ్లుగా మరొక ఆచారం కూడ మన వార్షికోత్సవంలో చోటు చేసుకొన్నది. విద్యార్థులందరు ఒకే రంగు టీ షర్టులపై కళాశాల పేరు, ఒక మంచి మాట అచ్చు వేయించుకొని ధరించడమే ఆ ఆచారం. ఇది హర్షించదగినదే. కలిగినవాని బిడ్డ, లేనివాని బిడ్డ అన్న తేడా ఆ ఒక్క దినమైనా కంటికి కనిపించదు. ఐతే ఆ వస్త్రంపై వ్రాత ఏ లిపిలో ఉండవలెను, దానిని ముద్రాపకునికి ఏ రూపంలో అందించవలెను, అచ్చుకు పోకముందు ఎవరు చదివి చూడవలెను అన్న విషయాలను గూర్చి మనం ఆలోచించినది బహు తక్కువ. ఆ విషయాన్నే విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కార్యవర్గ సభ్యుల ముందు ఉంచదలచినాను. ఇంత చిన్న విషయానికి ఒక వ్యాసమా అని కొందరు నవ్వవచ్చును. చివరిదాక చదివిన పిమ్మట నవ్వవలసినదని నా మనవి.

కొన్ని సంవత్సరాల క్రిందట జరిగిన సంగతి ముందుగా చెప్పుకోవలసి ఉన్నది. ఆ ఏడు ఉత్సవ సంఘంలో నేను అధ్యాపకుల ప్రతినిధిని. నూట అరవై చొక్కాలకు విద్యార్థులు చందా వేసుకొన్నారు. వారిలో తెల్లవారుజామున ఇంటింటికి పాల ప్యాకెట్లు వేసి కళాశాలకు వచ్చేవారున్నారు, సాయంకాలం దుకాణాలలో లెక్కలు వ్రాసేవారున్నారు. మనది రెండు భాషల కళాశాల గనుక చొక్కా ముందు వైపు తెలుగులో ‘విద్యయే వెలుగు’ అనీ, వెనుక వైపు అదే భావం ఉర్దూలో ‘ఇల్మ్ రోష్నీ హై’ అనీ వేయించాలని నిర్ణయించినాము. ఒక విద్యార్థి ఈ రెండు వాక్యాలను కాగితంపై వ్రాసి, ఫోనుతో ఛాయాచిత్రం తీసి దుకాణానికి పంపినాడు. దుకాణదారు వాటిని తన కంప్యూటరులో మళ్లీ కూర్చి, నమూనాను నా ఫోనుకు పంపినాడు. అప్పుడు నేను పరీక్ష పత్రాలు దిద్దుతున్నాను. బొటనవేలంత చిత్రంలో తెలుగు వాక్యాన్ని చూచీ చూడనట్లు చూచినాను. ఉర్దూ లిపి నాకు రాదు. “బాగున్నది, కానీయండి” అని జవాబిచ్చినాను.

చొక్కాలు ఉత్సవానికి ముందురోజు సాయంకాలం వచ్చినవి. మూట విప్పగానే తెలుగు విద్యార్థులు గొల్లున నవ్వినారు. ‘విద్యయే’ అన్న మాటలో యవత్తు దకారం క్రిందికి పోక, ‘విద్’ అని ఒక ముక్క, ‘యయే’ అని మరొక ముక్క అయినది. వెనుక వైపు సంగతి నాకు బోధపడలేదు గాని, ఉర్దూ చదివిన పిల్లల ముఖాలు చిన్నబోయినవి. ఉర్దూలో అక్షరాలు ఒకదానితో నొకటి కలిసి, కుడి నుండి ఎడమకు సాగుతాయి. మా చొక్కాపై ఆ కలయిక లేదు. ప్రతి అక్షరం విడివిడిగా, పైగా ఎడమ నుండి కుడికి పేర్చబడి ఉన్నది. కుడి వైపు నుండి చదవబోయిన వారికి మాట తలక్రిందులై కనిపించినది. అది భాషే కాదు, అక్షరాల గుట్ట.

మరునాడు నేను కోపంతో దుకాణానికి పోయినాను. ఆయన శాంతంగానే జవాబు చెప్పినాడు. “సార్, మీరు పంపిన కాయిదం జూసే ఎక్కిచ్చిన. ఫోటువ కూడ మీకు పంపిన, మీరు బాగుందన్నరు. నాకు ఉర్దూ రాదు. మీకొస్తదనుకున్న.” ఆ మాటకు నా వద్ద సమాధానం లేకపోయినది. తనకు రాదని ఆయన ఒప్పుకొన్నాడు. నాకు రాదని నేను ముందుగా ఒప్పుకోలేదు. తప్పు ఎవరిదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఉత్సవం ముగిసిన తరువాత ఒక విద్యార్థిని చెప్పిన మాట నన్ను మరింత బాధించినది. ఆమె ఇంటిలో నానీకి ఉర్దూ తప్ప మరొక లిపి తెలియదట. తన మనుమరాలు చదివే కళాశాల చొక్కాపై తనకు వచ్చిన లిపిలో మాట ఉంటుందని విని ఆ వృద్ధురాలు ఎంతో సంబరపడి, కళ్లజోడు తుడుచుకొని కూర్చున్నదట. చొక్కాను అటు త్రిప్పి ఇటు త్రిప్పి, “బేటీ, నా కళ్లు పూర్తిగా పోయినట్లున్నవి, ఒక్క మాటా చదవలేకపోతున్నాను” అన్నదట. ఆమె కళ్లకు లోపం లేదు. లోపం మన శ్రద్ధలో ఉన్నది.

మరుసటి సంవత్సరం ఉత్సవ సంఘం ఒక సులభోపాయం కనిపెట్టినది. తెలుగు వద్దు, ఉర్దూ వద్దు, ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే వేయించుదామన్నారు. అట్లే జరిగినది. అచ్చులో ఒక్క తప్పు లేదు. అందరు సంతోషించినారు. నాకు మాత్రం ఆ తప్పు లేని చొక్కా, తప్పులున్న చొక్కా కన్న ఎక్కువ దుఃఖం కలిగించినది. నాటి నుండి నేటి వరకు అదే పద్ధతి సాగుతున్నది. ఉర్దూ, తెలుగు భాషల పోషణకై ఏర్పడిన కళాశాలలో, ఉత్సవ దినాన, ఆ రెండు లిపులకే చోటు లేకపోయినది. మన లిపులను తొలగించి తప్పును తప్పించుకోవడం పరిష్కారం కాదనీ, మూలప్రతిని సక్రమంగా సిద్ధం చేసుకోవడమే పరిష్కారమనీ నా దృఢమైన అభిప్రాయం.

మూలప్రతి అనగా ముద్రణ వృత్తిలో ‘ఆర్ట్‌వర్క్’ అని పిలిచేది. వస్త్రంపై ఏది ఎక్కవలెనో అది అంగుళం తేడా లేకుండ, రంగు తేడా లేకుండ ముందుగా సిద్ధమైన రూపం. దీని ప్రాముఖ్యం తెలియాలంటే అచ్చు ఎట్లు పడుతుందో కొంత తెలియవలెను. మన వీధులలోని చిన్న దుకాణాలలో విస్తారంగా కనిపించే పద్ధతి స్క్రీన్ ప్రింటింగ్. దీనికి సంబంధించి 1907లో ఇంగ్లండులోని మాంచెస్టరుకు చెందిన శామ్యూల్ సైమన్ పేటెంటు పొందినాడు. చట్రానికి బిగించిన సన్నని వలగుడ్డపై కాంతికి గట్టిపడే ఎమల్షన్ పూస్తారు. చీకటిలో ఆరబెట్టిన తరువాత, నల్లని అక్షరాలున్న పారదర్శక ఫిల్మును దానికి ఆనించి వెలుగు చూపుతారు. వెలుగు తగిలినచోట పూత గట్టిపడుతుంది. అక్షరాల నలుపు క్రింద వెలుగు తగలదు గనుక అక్కడి పూత మెత్తగానే ఉండి, నీటితో కడిగితే పోతుంది. అట్లు తెరుచుకొన్న వల కన్నుల గుండా రబ్బరు పట్టీతో రంగును లాగితే, అక్షరం గుడ్డపై పడుతుంది.

ఈ మొత్తం పనిలో ముద్రాపకుడు అక్షరాన్ని చదవవలసిన అవసరం ఎక్కడా లేదు. ఫిల్ముపై ఏమున్నదో అదే వలపైకి, వలపై ఏమున్నదో అదే గుడ్డపైకి పోతుంది. వెలుగుకు వ్యాకరణం రాదు, వలకు భాష రాదు. కనుక చదవడం అనే పని జరగవలసిన చోటు ఒక్కటే. అది మూలప్రతి మన చేతిలో ఉన్న క్షణం. ఆ క్షణం దాటిన తరువాత తప్పు నూట అరవై రెట్లు అవుతుంది.

ఈ శ్రద్ధ మనకు క్రొత్తది కాదు. కృష్ణా జిల్లాలో మచిలీపట్నానికి సమీపంలోని పెడనలో నేటికీ జరుగుతున్న కలంకారీ అద్దకాన్ని చూడండి. శ్రీకాళహస్తిలో చిత్రాన్ని కలంతో వ్రాస్తారు, పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. పెడన పద్ధతిలో ముందుగా చిత్రాన్ని కాగితంపై గీస్తారు. దానిని టేకు చెక్కపైకి ఎక్కించి చెక్కుతారు. బయటి గీతకు ఒక అచ్చు, లోపలి ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు ఉంటాయి. ఒక అచ్చు అద్దిన చోట రెండవ అచ్చు వెంట్రుకవాసి తప్పకుండ కూర్చోవలెను. కరక్కాయ నీటిలో తడిపి ఆరిన గుడ్డపై అద్దకం పడిన తరువాత తప్పు దిద్దుకొనే వీలు చాల తక్కువ. అందుచేతనే అచ్చు చెక్కేవాని చేతిలో తొందర కనిపించదు. నేటి స్క్రీన్ ప్రింటింగులో రంగుకు ఒక చట్రం చొప్పున విడదీసే పని, ఈ అచ్చుల పనికి తమ్ముడు వంటిదే. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఈ అద్దకపు వస్త్రాలు మచిలీపట్నం రేవు నుండి పారశీక దేశానికి ఓడలలో పోయినవి. ఆ కళకు పేరు కూడ పారశీకం నుండే వచ్చినది. ‘కలం’ అన్న మాట ఉర్దూ విద్యార్థికీ తెలుసు, తెలుగు విద్యార్థికీ తెలుసు. ఇద్దరు జేబులో పెట్టుకొని తిరిగేది ఆ కలాన్నే. వస్త్రం, అక్షరం, ఈ రెండు భాషలు కలిసిన చరిత్ర మన గడ్డపైనే ఉండగా, ఒక చొక్కా దగ్గర మనం ఓడిపోవడం తగునా?

ఇక అక్షరాల విషయానికి వద్దాము. మన రెండు లిపులు సుందరమైనవి, సున్నితమైనవి. ఉర్దూలో ఒక చుక్క ఉన్నచో ఒక అక్షరం, లేనిచో మరొక అక్షరం. ‘దుఆ’ అన్న మాటలో ఐన్‌పై పొరపాటున ఒక చుక్క పడినదా, అది గైన్ అయి, మాట ‘దగా’ అవుతుంది. ప్రార్థన మోసంగా మారడానికి గసగసాల గింజంత రంగు చాలునన్న మాట. తెలుగులోనూ ఇటువంటి ప్రమాదాలకు కొదవ లేదు. ‘ప’ అక్షరానికి తలకట్టు వద్ద ఉండే చిన్న సందు రంగుతో పూడుకొనిపోతే అది ‘వ’ వలె కనిపిస్తుంది. ‘పాడినది’ అని వ్రాయబోతే ‘వాడినది’ అవుతుంది. ‘థ’ నడుమ చుక్క ఆరిపోతే ‘ధ’ అవుతుంది. వత్తు జారితే ‘పద్యం’ కాస్తా ‘పదం’గా మిగులుతుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు ఇన్ని చిక్కులు లేవు. ఇంగ్లీషుకు సరిపోయిన అజాగ్రత్త మన లిపులకు సరిపోదు.

అందుచేత మూలప్రతి సిద్ధం చేసేవారు కొన్ని విషయాలు గుర్తుంచుకోవలెను. మొదటిది పరిమాణం. చొక్కాపై పది అంగుళాల వెడల్పున పడవలసిన వ్రాతను పది అంగుళాల వెడల్పుననే సిద్ధం చేయవలెను. చిత్రరూపంలో ఇచ్చేటట్లయితే అంగుళానికి 300 చుక్కల లెక్కన మూడువేల చుక్కల వెడల్పు ఉండవలెను. ఫోనులో చేతులు మారి మారి వచ్చిన ఆరువందల చుక్కల చిత్రాన్ని పది అంగుళాలకు సాగదీస్తే, అంగుళానికి దక్కేవి అరవై మాత్రమే. అంచులు మెట్లు మెట్లుగా విరుగుతాయి. గీతల రూపంలో, అనగా ‘వెక్టార్’ రూపంలో సిద్ధం చేస్తే ఎంత సాగదీసినా అంచు చెడదు. అక్షరాలకు ఈ పద్ధతియే శ్రేష్ఠం.

రెండవది గీత మందం. గుడ్డపై అక్షరాలు వేయడానికి సామాన్యంగా అంగుళానికి 110 నుండి 160 పోగులున్న వలను వాడుతుంటారు. 110 పోగుల వలలో పోగుకు పోగుకు మధ్య దూరం మిల్లీమీటరులో పావు వంతు కన్న కొంచెం తక్కువ. అంతకన్న చిన్నదైన చుక్క ఆ వలపై నిలవదు, కడిగినప్పుడే జారిపోతుంది, లేదా పోగు వెనుక దాగిపోతుంది. ఒక పాయింటు, అనగా సుమారు 0.35 మిల్లీమీటర్లు, కన్న సన్నని గీతను నమ్ముకోకపోవడం క్షేమం. ఉర్దూ నుక్తాలు, తెలుగు వత్తులు ఇంతకన్న ఎంతో పెద్దవిగా ఉండేటట్లు అక్షరం సైజు నిర్ణయించవలెను. రంగు పరచి అందులో అక్షరాన్ని ఖాళీగా వదిలే పద్ధతిలో మరింత జాగ్రత్త కావలెను. తడిరంగు నలుదిక్కులా కొంచెం ప్రాకుతుంది గనుక సన్నని సందులు మొదట పూడుతాయి.

మూడవది రంగులు. రంగుకు ఒక చట్రం, చట్రానికి ఒక ఖర్చు. ఒక్క రంగుతో చక్కని వ్రాత వేయించుకోవడం మన వంటి కళాశాలకు పొదుపు కూడ, అందం కూడ. నల్లని లేదా ముదురు నీలం గుడ్డపై లేతరంగు వేయాలంటే ముందుగా తెలుపు పొర ఒకటి వేయవలసి వస్తుంది. ఆ తెలుపు పొరను పైరంగు కన్న వెంట్రుకవాసి లోపలికి తగ్గించి గీయకపోతే, అక్షరం చుట్టూ తెల్లని అంచు కనిపిస్తుంది. తెల్లని గుడ్డను ఎంచుకొంటే ఈ చిక్కులన్నీ తప్పుతాయి.

నాలుగవది, అతి ముఖ్యమైనది, అక్షరాల కూర్పు. మన మాటలు విరిగినది ఇక్కడనే. ఉర్దూ నస్తాలీఖ్ అక్షరాలు ఏటవాలుగా ఒకదాని క్రింద నొకటి దిగుతూ కలుస్తాయి. ఈ లిపికి సీసపు అచ్చులు సరిపడక, ఉర్దూ పత్రికలను ఎన్నో దశాబ్దాలు కాతిబులు చేతితోనే వ్రాసినారు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ వేలాది అక్షర సముదాయాలతో ‘నూరీ నస్తాలీఖ్’ను కంప్యూటరు కూర్పుకు సిద్ధం చేయడంతో ఆ కష్టం చాల వరకు తీరినది. తెలుగు లిపికి 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి సంచికలోనే స్థానం లభించినది. ఐనప్పటికీ, బొమ్మలు గీయడానికి వాడే సాఫ్ట్‌వేర్లు కొన్నింటికి, ముఖ్యంగా పాతవాటికి, ఉర్దూను కలపడం గాని, కుడి నుండి నడపడం గాని, తెలుగు వత్తులను క్రిందికి దించడం గాని తెలియదు. పైగా యూనికోడులో కూర్చిన తెలుగును పాతపద్ధతి ‘అను’ అక్షరాలున్న యంత్రంలో తెరిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. అటు నుండి ఇటు వచ్చినా అంతే. దీనికి విరుగుడు తేలికయే. మన వద్ద సరిగా కూర్చుకొని, చదువుకొని, ఆ పిమ్మట అక్షరాలను ‘అవుట్‌లైన్’లుగా, అనగా వట్టి గీతలుగా మార్చి దుకాణానికి ఇవ్వవలెను. అప్పుడు అది అక్షరం కాదు, బొమ్మ. ఏ యంత్రంలోనూ విడిపోదు. లేదా మంచి కాతిబుతో నల్లసిరాతో వ్రాయించి, ఆ వ్రాతను స్కాన్ చేయించవలెను. మన నగరంలో ఛత్తా బజారు ఉర్దూ చేవ్రాతకు, శుభలేఖల ముద్రణకు పేరు పొందిన చోటు. అటువంటి వ్రాతగాళ్లు నేడు కొద్దిమంది మాత్రమే మిగిలినారు. వారి చేతి వ్రాత మన చొక్కాపై ఉండడం కన్న గౌరవం ఏమున్నది?

ఐదవది అద్దంలో బింబం. కాగితంపై అచ్చు వేసి, దానిని గుడ్డపై బోర్లించి వేడితో ఒత్తే పద్ధతి ఒకటి ఉన్నది. అందులో మూలప్రతిని అద్దంలో చూచినట్లు త్రిప్పి అచ్చు వేయవలెను. స్క్రీన్ పద్ధతిలో అట్లు త్రిప్పనక్కరలేదు. ఎక్కడ త్రిప్పవలెనో అక్కడ మరచిపోతే, తెలుగు అక్షరాలైతే మన దుకాణాలలో ఎవరైనా వెంటనే పసిగడతారు. ఉర్దూ తిరగబడితే మాత్రం, “ఉర్దూ ఎటూ వెనుక నుండి వ్రాస్తారు గదా” అనుకొని ఊరకుంటారు. చదవగలిగినవాడు ఒక్కడు దగ్గర లేకపోతే ఈ తప్పు ఎవరికీ కనిపించదు.

చదువరి లేని అక్షరం ఎంత దూరం పోగలదో రెండు లోకవిదితమైన సంఘటనలు చెబుతాయి. 1994 జనవరిలో పారిస్ నగరంలో షనేల్ సంస్థ ప్రదర్శించిన వస్త్రాలపై కుట్టుపనితో అరబ్బీ అక్షరాలు తీర్చినారు. అవి పవిత్ర ఖురాను వాక్యాలని తరువాత తెలిసినది. రూపకర్త కార్ల్ లాగర్‌ఫెల్డ్ అది ప్రేమ కవిత్వమని తాను భావించినట్లు చెప్పి క్షమాపణ కోరినాడు. ఆ వస్త్రాలను సంస్థ నాశనం చేయవలసి వచ్చినది. ముప్పది ఏళ్లకు, 2024 ఫిబ్రవరిలో, లాహోరు నగరపు బజారులో దీనికి విపరీతం జరిగినది. ఒక స్త్రీ ధరించిన దుస్తులపై అరబ్బీలో ‘హల్వా’ అని అలంకారంగా వ్రాసి ఉన్నది. అరబ్బీలో ఆ మాటకు సుందరమైనది, మధురమైనది అని అర్థం. చదువలేని గుంపు దానిని పవిత్ర వాక్యమని భ్రమించి ఆమెను చుట్టుముట్టగా, ఒక మహిళా పోలీసు అధికారి ధైర్యంతో ఆమెను కాపాడి తీసుకొనిపోయినది. ఒకచోట పవిత్ర వాక్యాన్ని అలంకారమనుకొన్నారు, మరొకచోట అలంకారాన్ని పవిత్ర వాక్యమనుకొన్నారు. రెండు చోట్లా చదవకుండానే నిర్ణయించినారు. వస్త్రంపై అక్షరం వీధిలో నడుస్తుంది, అపరిచితుల కంట పడుతుంది, రేపు చాకిరేవుకు పోతుంది. కనుక పవిత్ర వాక్యాలను చొక్కాలపై వేయించకుండ, కళాశాల పేరు, విద్యను గూర్చిన మంచి మాట వరకే పరిమితం కావడం మర్యాద.

నా అభిప్రాయానికి ఎదురు చెప్పేవారు కొందరున్నారు. “ఇది ఒక్కరోజు ముచ్చట, దీనికింత శ్రమ దేనికి?” అని వారి మొదటి ప్రశ్న. చొక్కా ఒక్కరోజుతో పోదు. మన విద్యార్థులు అనేకులు దానిని మూడేళ్లు కడుతారు, పనికి పోయేటప్పుడు కడుతారు, తమ్ములకు ఇస్తారు. కళాశాల పత్రికను చదివేవారి కన్న ఆ చొక్కాను చదివేవారే ఎక్కువ. “ఖర్చు పెరుగుతుంది” అని రెండవ మాట. మూలప్రతిని సరిచూడడానికి కావలసినది ధనం కాదు, రెండు జతల కళ్లు. చెడిన నూట అరవై చొక్కాల ఖర్చు కన్న కాతిబుకు ఇచ్చే ప్రతిఫలం ఎక్కువ కానేరదు. “ఇంగ్లీషు అందరికీ వచ్చును గదా” అని మూడవ మాట. ఇంగ్లీషుపై నాకు ద్వేషం లేదు. ఉండవచ్చును, మూడవ వరుసలో ఉండవచ్చును. కాని మనం తప్పు వ్రాసినామని మన భాషను చొక్కా నుండి తీసివేయడం, పిల్లవాడు తడబడినాడని వాని నోరు కట్టివేయడం వంటిది.

ఈ సందర్భంలో కళాశాల కార్యవర్గానికి కొన్ని సూచనలు మనవి చేస్తున్నాను. ఏ వస్త్రం గాని, తోరణపు గుడ్డ గాని అచ్చుకు పోకముందు మూలప్రతిని అసలు పరిమాణంలో కాగితంపై తీసి, గ్రంథాలయం గోడకు మూడు రోజులు అంటించవలెను. నూరుమంది కళ్లు చూచిన తప్పు దాగదు. ఉర్దూ శాఖ నుండి ఒకరు, తెలుగు శాఖ నుండి ఒకరు దానిపై చదివి సంతకం చేయవలెను. తనకు రాని లిపికి ఎవరును సంతకం చేయరాదు. ఇది నాకు నేను విధించుకొన్న నియమం కూడ. అన్ని చొక్కాలకు ముందు ఒక్క చొక్కా అచ్చు వేయించి, ఒకసారి ఉతికి, ఆరవేసి చూడవలెను. సిద్ధమైన మూలప్రతిని గ్రంథాలయంలో భద్రపరచితే మరుసటి ఏడు మళ్లీ మొదటికి రానక్కరలేదు. వీలైతే వేసవి సెలవులలో ఒక వారం ఉర్దూ చేవ్రాత, తెలుగు అక్షర లేఖనం, స్క్రీన్ ప్రింటింగు నేర్పించే ఏర్పాటు చేయవలెను. ఒక చట్రం, ఒక వల, ఒక రబ్బరు పట్టీ, కొంచెం రంగు ఉంటే చాలు. నాలుగు అక్షరాలు వచ్చిన పిల్లవానికి అదొక జీవనోపాధి కూడ కావచ్చును.

విద్యార్థి మిత్రులారా, మీకొక మాట. ఆ సంఘటన తరువాత నేను మన ఉర్దూ శాఖలోని పెద్దాయన వద్ద కూర్చొని అలిఫ్, బే నేర్చుకొన్నాను. ఇంకా తడుముకొనే చదువుతాను. కాని ‘ఇల్మ్’ అన్న మాట కలిసి ఉన్నదో, విరిగి ఉన్నదో ఇప్పుడు నాకు తెలుస్తుంది. ఆయన కూడ నా వద్ద ఓనమాలు దిద్దినాడు. యవత్తు ఎక్కడ ఉండవలెనో ఇప్పుడు ఆయనకు తెలుసు. మీరు ఒకే బెంచీపై మూడేళ్లు కూర్చుంటారు. ప్రక్కవాని లిపిలో మీ కళాశాల పేరు చదవగలిగేటంత నేర్చుకోవడానికి మూడు వారాలు చాలు. అప్పుడు మన మూలప్రతికి చదువరులు కరువు కారు.

రానున్న వార్షికోత్సవానికి మన చొక్కాపై మళ్లీ రెండు లిపులు కనిపించవలెనని నా కోరిక. అవి పెద్దవిగా, ఒక్క రంగులో, చుక్క చెదరకుండ, వత్తు జారకుండ ఉండవలెను. ఆ చొక్కాను ఒక విద్యార్థిని ఇంటికి తీసుకొనిపోయి తన నానీ చేతికి ఇచ్చినప్పుడు, ఆ వృద్ధురాలు కళ్లజోడు సవరించుకొని కుడి నుండి ఎడమకు ఒక్కసారి చదివి, చాలునన్నట్లు మడిచి మనుమరాలికి తిరిగి ఇవ్వవలెను. కార్యవర్గ సభ్యులు ఈ మనవిని ఆలకించి, ఈ సంవత్సరమే ఆచరణలో పెట్టుదురు గాక అని ఆశిస్తున్నాను.